‘కలడు’ అనాలా, ‘గలడు’ అనాలా?

మలక్‌పేట నుంచి:
రెండు రోజులుగా ఒకటే టెన్షన్. మా పాపకి గజేంద్రమోక్షంలో ‘కలడందురు దీనుల యెడ’ నేర్పుతున్నాను. మూడు పాదాలు గడగడా వచ్చేశాయి, నాలుగో దాని దగ్గర నోరు ఆగిపోయింది. ‘కలడు కలండనెడివాడు’ అనాలా, ‘గలడు కలండనెడివాడు’ అనాలా? మా అమ్మమ్మ ‘క’ అనేదని గుర్తు. పాప పుస్తకంలో ‘గ’ ఉంది.

ఇంతలో ఇంకో చిక్కు. వీధి చివర టైలర్ దగ్గరికి వెళ్తే ఆయన ‘గౌను కలిచ్ సీ దియా, బటనాఁ కల్ లగా దేతూఁ’ అన్నాడు. కుట్టింది నిన్న, బటన్లు పెట్టేది రేపు, రెండూ కల్లే. ‘ఆ కల్, మన పద్యంలో కల ఒకటేనా అమ్మా?’ అని పాప అడిగింది. ఏం చెప్పను?

బర్కత్‌పురా నుంచి:
ఒకటి కాదమ్మా. ఉర్దూ కల్ సంస్కృతం ‘కల్య’ నుంచి వచ్చింది. కల్యమంటే తెల్లవారుజాము. ఈ రోజుకి అటు తెల్లవారినా ఇటు తెల్లవారినా కల్లే, ఏ రోజో క్రియ చెబుతుంది. మన హైదరాబాదులో ‘పర్సోఁ’ ఇంకా విశాలం: మొన్న కావచ్చు, నాలుగేళ్ల కిందటిదీ కావచ్చు. తెలుగులో ‘మొన్న’ మాత్రం తక్కువ తిందా? బడికెళ్లే పిల్లాణ్ణి పక్కన పెట్టుకుని ‘మొన్ననేగా మా పెళ్లయింది’ అంటారు. కల్ అంటే యంత్రమనీ ఉంది, కల్‌పుర్జా అంటారే, అది. పారసీలో కల్ అంటే బట్టతల. పాపకి ఇది ముందు చెప్పండి, నవ్వుతుంది.

నల్లకుంట నుంచి:
నిద్రలో వచ్చే కలని అందరూ వదిలేశారు. నాకు చాలా కాలంగా ఒక అనుమానం. కన్నడంలో కనసు, తమిళంలో కనవు, మలయాళంలో కినావు. అన్నిట్లోనూ ‘న’ ఉంది, మన దగ్గరే ‘ల’. అసలు మాట ‘కన’ అయి ఉంటుంది, కన్నుకి చుట్టం. న, ల అవుతుందా అంటారా? వంటింట్లోకి వెళ్లి చూడండి. మా నాన్నగారి వైపు మునక్కాయ, అమ్మ వైపు ములక్కాయ. చారు ఒకటే.

బర్కత్‌పురా నుంచి:
ములక్కాయ ఒక్కటే చాలదు గురువుగారూ, ఇంకో రెండు మాటలైనా చూపించాలి. పోతన ‘కలడు’ ఆ కలకి సంబంధించింది కాదు, కలుగు, కలిమి, కలవాడు కుటుంబంలోది. ఉండటం.

కూకట్‌పల్లి నుంచి (మాది కడప జిల్లా):
తమిళంలో కల్ అంటే రాయి. నేర్చుకో అనీ అర్థం. కల్వి అంటే చదువు, అక్కడిదే. కన్నడంలోనూ రాయి కల్లే, కల్లు అంటారు. తాగే కల్లు తమిళంలో ‘కళ్’, ళకారం. మనం రెండిటినీ ‘ల్ల’ చేసి కలిపేశాం.

ఉప్పల్ నుంచి:
రాయి అన్నారు కాబట్టి ఓరుగల్లు గుర్తు చేస్తున్నా. ఒంటి రాయి, ఏకశిల. అక్కడా ‘క’ ‘గ’ అయింది చూడండి. మా పోతన నేలది, మా పోతన అక్షరం. అక్కా, మీ పాప పుస్తకమే కరెక్టు. మూడో పాదం చివరి ‘దిశలను’ ద్రుతాంతం, అంటే చివర ద్రుతమనే నకారం ఉన్న మాట. దాని మీది ‘క’ సరళం, అంటే ‘గ’, కావాల్సిందే. ‘యెడఁ గలడందురు’, ‘పాలం గలడందురు’ అని పై రెండు చోట్లా ఒప్పుకుని ఇక్కడ మాత్రం ఎందుకు ఒప్పుకోం?

కూకట్‌పల్లి నుంచి:
‘మా పోతన’ అంటే ఎలా అన్నా? భాగవతం మొదట్లో ఏకశిలానగరమని ఆయన రాసుకున్న మాట నిజమే. మా ఒంటిమిట్ట కూడా ఏకశిలే కదా. కోదండరామాలయంలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే రాతిలో ఉంటారు. మా తాత ఆ గుడి మెట్ల మీద కూర్చుని ఈ పద్యం చదివేవాడు. ‘క’ అనే చదివేవాడు.

ఉప్పల్ నుంచి:
బమ్మెర మా అత్తగారి ఊరికి దగ్గరే. పోతన దున్నాడని చెప్పే పొలాన్ని పెద్దవాళ్లు చేయెత్తి చూపిస్తారు. మీ తాతగారి మీద గౌరవం ఉంది, ఊరి సంగతి మాత్రం వదలను.

నల్లకుంట నుంచి:
పాదం చివరి ‘గలడో లేడో’ దగ్గరి ‘గ’ని దీంతో కలపకండి. ‘వాడు’ ప్రథమా విభక్తి, దాని మీద గసడదవాదేశం, అంటే క చ ట త పలు గ స డ ద వలు కావడం. అదీ బహుళం, ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు. ‘దిశలను’ తర్వాతిది సరళాదేశం. ఒకే పాదంలో రెండు ‘గ’లు, రెండు దారుల్లో వచ్చాయి. పోతన చెవి ఎంత సూక్ష్మమో!

టోలీచౌకి నుంచి:
ఏనుగు సంగతి ఆలోచించండి. అది వ్యాకరణం చెప్పట్లేదు. ‘ఉన్నాడు, ఉన్నాడు’ అని లోకమంతా అన్న మాటని తిప్పి అంటోంది. ఎవరి మాటో అంటున్నప్పుడు ఆ మాట ఉన్నదున్నట్టు రావాలి, అందుకే నా ఓటు ‘క’కి. అరబీలో ‘ఖాల’ అంటే ‘అన్నాడు’. ఉర్దూలో ‘ఖీలోఖాల్’ అంటే ఆయనిలా అన్నాడు, ఈయనలా అన్నాడు అనే వాదులాట. పుట్టుక వేరు, పోలిక చెవికే. అయినా ‘కలడందురు’ చదివినప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొస్తుంది.

ఉప్పల్ నుంచి:
‘అనెడి’ అన్న మాటే ఉంది కదా, దాని ముందు ‘కలండు’ ‘క’తోనే ఉంది. ఎత్తి చెప్పిన మాటకి అది చాలదా?

మలక్‌పేట నుంచి:
ఇందాకే పాపతో మళ్లీ చెప్పించాను. మూడో పాదం అయ్యాక ఊపిరి తీసుకుంటే ‘కలడు’ అంటోంది. ఆపకుండా ‘అన్ని దిశలను’ మీంచి దూకితే, ఎవరూ చెప్పకుండానే, ‘గలడు’ అంటోంది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే. అమ్మమ్మకి ఆయాసం ఉండేది, ప్రతి పాదానికీ ఆగేది.

కూకట్‌పల్లి నుంచి:
మా తాతకి ఆయాసం లేదండి.