తమ్ముడు మిషన్‌లో కొత్త ఏరియాకి మారాడు, రెండు సోమవారాలుగా ఫోన్‌లో ఏడుపే. ఏం చెప్పాలి?

పర్లాకిమిడి అక్క:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివినవాళ్ళం. మా తమ్ముడికి 19 ఏళ్ళు. విశాఖలో డిప్లొమా చదువుతూ యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో చేరాడు. మోర్మన్లు అంటే మీకు వెంటనే తెలుస్తుంది గానీ, ఆ పేరు వాడొద్దని వాళ్ళ అధ్యక్షుడు 2018లో చెప్పారట. నేను అన్నప్పుడల్లా వాడు సరిదిద్దుతాడు. అమ్మ మాత్రం ఇప్పటికీ మా బాప్టిస్టు సంఘానికే వెళ్తుంది. మిషన్‌లో వాణ్ణి ‘ఎల్డర్’, అంటే పెద్ద, అని పిలుస్తారంటే, ‘మా సంఘంలో పెద్దలంటే జుట్టు నెరిసినవాళ్ళురా’ అని నవ్వింది.

వాడిది రెండేళ్ళ మిషన్, అంటే సంఘం తరఫున జీతం లేకుండా చేసే ప్రచార సేవ. ఇద్దరిద్దరిని జతగా పంపుతారు. మొదటి మూడు నెలలు బెంగళూరులో ఉన్నాడు. జతగాడు తెలుగువాడు, కులాసాగానే గడిచింది. ఇప్పుడు కోయంబత్తూరు మార్చారు. కొత్త జతగాడు చెన్నై అబ్బాయి. ఎవరింటికి వెళ్ళినా మాటలన్నీ అతనివే, వీడు పక్కన బొమ్మలా కూర్చుంటున్నాడట. తిండి పడటం లేదు, నిద్ర లేదు. సోమవారం ఒక్కరోజే ఫోన్. ఆ గంటలో సగం ఏడుపు. ‘వచ్చెయ్ నాన్నా’ అని అమ్మ అంటోంది. నేనేం చెప్పాలి? నెల మధ్యలో వెళ్ళి చూసి రావచ్చా?

పాత ఎల్డర్, రాయగడ:
చెల్లెమ్మా, నేను 2014లో మిషన్‌కి వెళ్ళాను. అప్పట్లో ఇంటికి ఏడాదికి రెండే ఫోన్లు, క్రిస్మస్‌కి ఒకటి, మదర్స్ డేకి ఒకటి. మిగతాదంతా ఈమెయిల్. వారం వారం మాట్లాడుకోవచ్చని 2019 ఫిబ్రవరిలో మార్చారు. మంచి పనే చేశారు. కానీ ఫోన్‌లో మీరు అడిగే మొదటి ప్రశ్నని బట్టే ఆ గంటంతా నడుస్తుంది. ‘ఎలా ఉన్నావురా, ఇబ్బందిగా ఉందా’ అని మొదలుపెడితే ఏడవక ఏం చేస్తాడు? ‘ఈ వారం ఎవరింటికి వెళ్ళావు, వాళ్ళింట్లో ఎవరెవరున్నారు, ఏం పెట్టారు’ అని అడగండి. జవాబు కోసం వాడే వెతుక్కుంటాడు.

చూడటానికి మాత్రం వెళ్ళొద్దు. మిషన్‌లో ఉండగా ఇంటివాళ్ళు రావడాన్ని వాళ్ళు ఒప్పుకోరు. మీరు తిరిగి రైలెక్కిన రాత్రి వాడికి ఇంకా కష్టం.

ఇక బొమ్మలా కూర్చోవడం గురించి. కొత్త ఏరియాలో నా మొదటి పది రోజులూ అంతే. భాష రాదని నోరు మూసుకుంటే, అక్కడ ముందు నుంచీ ఉన్న జతగాడికి అదే అలవాటైపోతుంది. వాళ్ళిద్దరూ వారానికోసారి కూర్చుని వచ్చే వారం ప్లాన్ రాసుకుంటారు. తమ్ముణ్ణి ఆ రోజు నోరు తెరిచి అడగమనండి: ‘ప్రతి ఇంట్లో ఒక్క పని నాకు వదిలెయ్’ అని. మొదట పేరూ ఊరూ చెప్పడం. తర్వాతి వారం ఒక వచనం చదవడం. ఆ తర్వాత చిన్న ప్రార్థన. నాలుగు వాక్యాల ప్రార్థన బట్టీ పట్టడానికి రెండు రోజులు చాలు. నేనలాగే చేశాను. తప్పు మాట పడితే ఆ ఇంటి పిల్లలు పకపకా నవ్వేవారు, ఆ నవ్వుతోనే వాళ్ళు నాకు దగ్గరయ్యారు.

ఇంకోటి, ఏరియా బుక్. ముందున్న మిషనరీలు ఎవరిని కలిశారో, ఎవరి పరిస్థితి ఏమిటో అందులో ఉంటుంది. ఇప్పుడది ఫోన్‌లోనే యాప్. మొదటి వారంలో అది శ్రద్ధగా చదివితే ఊరు సగం తెలిసినట్టే. నేను చదవలేదు. భర్త చనిపోయిన ఆవిడని ‘అంకుల్ ఎక్కడ’ అని అడిగాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

బరంపురం బాబాయి:
అడిగింది మీరు గనక చెబుతున్నా, కోపం తెచ్చుకోకండి. డిప్లొమా అయిన కుర్రాడు జీతం భత్యం లేకుండా రెండేళ్ళు ఊరూరా తిరగడమేంటి? పైగా ఖర్చు ఇంటి నుంచే అంటారు. రేపు ఉద్యోగానికి వెళ్తే ఈ రెండేళ్ళూ ఏం చేశావని అడగరా? మతం మాటలంటే మన ఒడిశాలో 1967 నుంచి చట్టం ఉంది. ఏదైనా కేసు మీద పడితే ఆ అమ్మ గతేంటి?

పర్లాకిమిడి అక్క:
బాబాయ్, మీ మాట మా ఇంట్లో రోజూ వింటున్నదే. కానీ వెళ్తానన్నది వాడే, ఎవరూ పంపలేదు. డిప్లొమా అయ్యాక ఒక ఏజెన్సీలో పనిచేసి కొంత దాచుకున్నాడు, మిగతాది నేను ఇస్తున్నా. చట్టం సంగతి మాత్రం నాకూ భయంగానే ఉంది.

పాత ఎల్డర్, రాయగడ:
బాబాయ్ చెప్పిన చట్టం నిజమే. బలవంతంగా గానీ, ఆశ చూపి గానీ, మోసం చేసి గానీ మతం మార్చకూడదని అందులో ఉంది. నేను పనిచేసిన చోట మేము ఇంటింటికీ తలుపులు తట్టలేదు. సంఘసభ్యులు పరిచయం చేసినవాళ్ళని, రమ్మని పిలిచినవాళ్ళనే కలిసేవాళ్ళం. ఎక్కడ ఏం చేయొచ్చో మిషన్ ప్రెసిడెంట్, అంటే అక్కడి మిషనరీలందరి బాధ్యత చూసే పెద్ద, ముందే చెబుతారు. తమ్ముడు సొంత తెలివితో ఏదీ చేయకుండా, జతగాణ్ణి వదిలి ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళకుండా ఉంటే చాలు. ఎలాగూ ఇద్దరూ కలిసే తిరగాలి, అది వాళ్ళ నియమం.

కోవై కోడలు:
అక్కా, మాది బరంపురం. పెళ్ళయ్యి తొమ్మిదేళ్ళుగా కోయంబత్తూరులో ఉంటున్నా. నాకు మీ మిషన్ సంగతులు తెలియవు, ఊరు తెలుసు. మొదటి నెల నేనూ బాత్రూంలో నీళ్ళు తిప్పి ఏడ్చినదాన్నే, కాబట్టి తమ్ముణ్ణి తిట్టకండి.

తిండి గురించి. వాడికి పఖాళ లేక దిగులు పడుంటాడు. ఇక్కడా చద్దన్నం ఉందండీ, పళయ సోరు అంటారు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున మజ్జిగ, చిన్న ఉల్లిపాయలతో తింటారు. ఆ మాట అనమనండి, ఇక్కడి పెద్దవాళ్ళ మొహం వెలిగిపోతుంది.

భాషకి మూడు ముక్కలు చాలు మొదట్లో. ఇంట్లోకి అడుగుపెట్టగానే ‘సాప్టీంగళా’, అంటే భోంచేశారా అని. ‘కొంజం కొంజం తమిళ్ తెరియుం’, కొంచెం కొంచెం తమిళం వచ్చు. మూడోది ‘తణ్ణి పోదుం’, మంచినీళ్ళు చాలు. మీవాళ్ళు టీ, కాఫీ ముట్టరని విన్నాను. ఇక్కడ ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వకుండా పంపరు. కలిపి తెచ్చాక వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. అందుకే కూర్చోకముందే ‘తణ్ణి పోదుం’ అనేయాలి.

ఇంకో మాట. ఈ ఊళ్ళో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు బోలెడుమంది. నాయుళ్ళు తరతరాలుగా ఇక్కడే ఉన్నారు. చదవడం, రాయడం తమిళంలోనే, మాట మాత్రం తెలుగు. మనం ఒడియా బడిలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడినట్టే! వాళ్ళ తెలుగు మనకి వింతగా ఉంటుంది, మనది వాళ్ళకీ అంతే. కూరల కొట్టు దగ్గర ఒకావిడ నా మాట విని ‘నీది ఏ ఊరి తెలుగే’ అని అడిగింది. అప్పటి నుంచి కొసరు కరివేపాకు నాకు ఖాయం.

గుణుపురం మాస్టారు:
ఒక్క చిన్న సలహా అమ్మా. తమిళ అక్షరాలతో మొదలుపెట్టొద్దని చెప్పండి. జేబులో పుస్తకం పెట్టుకుని విన్నమాట విన్నట్టు ఒడియా లిపిలో రాసుకోమనండి, చేయి తిరిగిన లిపి అదే కదా. రోజుకి పది మాటలు రాసుకుంటే చాలు. లిపి సంగతి తర్వాత.

పాత ఎల్డర్, రాయగడ:
మరిచిపోయాను, నిద్ర గురించి. పొద్దున 6:30కి లేవడం, రాత్రి 10:30కి దీపం ఆర్పడం, మధ్యలో ఖాళీ ఉండదు. కొత్తచోట అలసిపోయినా నిద్ర పట్టని రోజులు ఉంటాయి. రెండు మూడు వారాలైనా తిండి, నిద్ర కుదుటపడకపోతే దాన్ని దిగులని వదిలెయ్యొద్దు. వాడు వారం వారం మిషన్ ప్రెసిడెంట్‌కి ఉత్తరం రాస్తాడు. అందులో ‘బాగున్నాం’ అని ఒక ముక్క రాసేసి ఊరుకుంటారు కుర్రాళ్ళు. ఉన్నదున్నట్టు రాయమనండి. డాక్టర్‌కి చూపించడం, జతగాణ్ణి మార్చడం వాళ్ళ చేతిలో పని. ఒకవేళ నిజంగా ఉండలేక తిరిగి వచ్చేసినా అది తప్పేం కాదు. అమ్మగారికి ఈ మాట చెప్పండి, తమ్ముడికి ఇప్పుడే చెప్పకండి.

పర్లాకిమిడి అక్క:
ఇవాళ సోమవారం. ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. ‘ఎవరింటికి వెళ్ళావురా’ అని అడిగా, మొదట విసుక్కున్నాడు. తర్వాత ఒక దర్జీ ఇంటి గురించి పావుగంట చెప్పాడు. వాళ్ళ నాయనమ్మ తెలుగులో మాట్లాడిందట, వీడి తెలుగు విని ‘పాపం, సరిగ్గా రాదు పిల్లాడికి’ అందట! ప్రార్థన ఇంకా చేయలేదు, పేరూ ఊరూ మాత్రం చెబుతున్నాడు. చివర్లో కొంచెం గొంతు పూడుకుంది, ఏడవలేదు. అమ్మ ‘వచ్చెయ్’ అనబోతే నేను ఫోన్ లాక్కున్నా, అందుకు నాతో ఇప్పుడు మాట్లాడటం లేదు.

ఇంకో ప్రశ్న. తిరిగి తిరిగి నల్ల బూట్ల అడుగు అరిగిపోయిందట. ఇక్కడ కొని పార్సిల్ చేయనా?

కోవై కోడలు:
వద్దక్కా, డబ్బు పంపండి. రోజంతా నడిచేవాడు వేసుకుని చూసి కొనుక్కోవాలి. కొత్త బూట్లు మొదటి రోజే తొడుక్కుని ఊరంతా తిరగొద్దని కూడా చెప్పండి, మడమలు బొబ్బలెక్కుతాయి.