ఎలుగుబంటి భయానికి లివర్ యాక్షన్ రైఫిల్ పనికొస్తుందా? (కంబదూరు వైపు)

గుట్టకింద_సేద్యం:
కంబదూరు మండలంలో గుట్ట కిందనే చేను. నాలుగెకరాలు చెనిక్కాయ, గట్టున సీతాఫలం చెట్లు. కాయ ఊరే టైముకి ఎలుగుబంట్లు దిగుతున్నాయి, రాత్రి కావలికి పోవాలంటే భయం. యూట్యూబ్‌లో అలాస్కా వాళ్ళు మార్లిన్ 1895 లాంటి 45-70 లివర్ యాక్షన్ రైఫిల్ (ట్రిగ్గర్ కింది పిడి లాగి మూస్తే తర్వాతి తూటా ఎక్కేది) పెట్టుకొని తిరుగుతున్నారు. లైసెన్స్ తీసుకుంటే అట్లాంటిది మనకు దొరుకుతుందా? దాన్ని ఎట్లా సెట్ చేసుకోవాలి?

ట్రిగ్గర్_కడప:
ముందు తుపాకీ సంగతి చెప్తా, లైసెన్స్ సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు. 45-70 తూటా 1873లో అమెరికా సైన్యం కోసం వచ్చింది. బరువైన గుండు, మోస్తరు వేగం, దగ్గరి దెబ్బ. అక్కడి బ్రౌన్ బేర్‌కి ఒళ్ళంతా కండ, లావు ఎముక. అందుకే పడగానే విచ్చుకునే వేట గుండు కాకుండా గట్టి సీసం పోత గుండు, 400 గ్రెయిన్లు (సుమారు 26 గ్రాములు) దాటింది వాడతారు. అది విచ్చుకోదు, లోతుగా దిగుతుంది. గుండు ముక్కు చదునుగా ఉండాలి. ఎందుకంటే తూటాలు గొట్టం మ్యాగజైన్‌లో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. మామూలు మొన గుండయితే తుపాకీ అదిరినప్పుడు ముందున్న తూటా ప్రైమర్‌ని (అడుగున దెబ్బకు అంటుకునే బిళ్ళని) పొడిచి లోపలే పేలే ప్రమాదం ఉంది.

బ్యారెల్ 18, 19 అంగుళాలు చాలు, పొదల్లో తిప్పుకోవడానికి వీలు. స్కోపు తీసేసి వెనక పెద్ద రంధ్రమున్న రింగు సైటు, ముందు తెల్ల గీత పెడతారు. పైన అతికించేవాటి స్క్రూలన్నింటికీ లాక్‌టైట్ (స్క్రూ జిగురు) వేయాల్సిందే, ఈ తూటా తన్నుడికి అవి వదులవుతాయి. ఎక్కువగా చెడేది మనిషి చేతిలో: కంగారులో లివర్ సగమే లాగి మూస్తే తూటా అడ్డం పడుతుంది. ఉత్త డమ్మీ తూటాలతో లివర్‌ని చివరిదాకా గట్టిగా లాగడం అలవాటు చేసుకోవాలి.

ఇదంతా అక్కడి లెక్క. మన ఎలుగు చిన్నది, నల్లది, రాత్రి కదిలేది. చీకట్లో నల్ల జంతువు మీద ఏ సైటూ కనపడదు. అది మీద పడేది కూడా ఎదురెదురుగా ఉలిక్కిపడినప్పుడు, అప్పటికి భుజానున్న తుపాకీ చేతికి వచ్చే సందు ఉండదు.

కలెక్టరేట్_ఎదురుగా:
ఆ రైఫిల్ రాదు. మామూలు లైసెన్సుదారుడు విదేశం నుంచి తుపాకీ తెప్పించుకునే వీలు లేదు. ఇక్కడ లైసెన్సు మీద దొరికేవి 12 బోర్ తుపాకీ, ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .315 బోల్ట్ యాక్షన్ రైఫిల్ లాంటివి. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట కాపుదలకు పేరు పెట్టి చెప్పింది మజిల్ లోడర్‌ని, అంటే మూతి నుంచి మందు కూరే నాటు రకం. లైసెన్సు లేకుండా ఆ నాటు తుపాకీనే గుట్టల్లో పెట్టుకొని తిరిగితే కేసు.

ఇంకా పెద్ద చిక్కు వేరే ఉంది. ఎలుగుబంటి 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. 11(2) ప్రకారం నీ ప్రాణం కోసమో, పక్కవాడి ప్రాణం కోసమో సదుద్దేశంతో చంపితే నేరం కాదు, కానీ ఆ సమయంలో నువ్వు చట్టాన్ని మీరే పనిలో ఉండకూడదు. చెనిక్కాయ తిన్నదని కాలిస్తే ఈ రక్షణ లేదు. నష్టపరిహారం కావాలంటే తొక్కిన పంట, పాదాల గుర్తుల ఫొటోలు తీసుకొని, ఆలస్యం చేయకుండా అటవీ రేంజి ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వు.

సోలార్_ఫెన్స్_గుత్తి:
డబ్బు తుపాకీకి కాదు, కంచెకి పెట్టు అన్నా. మోటారు కరెంటు మాత్రం నేరుగా తీగకు ఇవ్వొద్దు, అది ఆగకుండా పారే 230 వోల్టులు, మన మనుషులే చచ్చిపోతారు. సోలార్ ఎనర్జైజర్ అయితే సుమారు సెకనుకొకసారి చిటికెడు షాక్ కొడుతుంది. వోల్టేజీ వేలల్లో ఉన్నా అది ఉండేది క్షణంలో చాలా చిన్న భాగం, కాబట్టి జంతువు అదిరి వెనక్కి పోతుంది.

ఎలుగుకి బొచ్చు దట్టం. నడుముకి తీగ తగిలితే షాక్ తెలియదు, ముక్కుకో పాదానికో తగలాలి. అందుకే కింది తీగ నేలకి 8 అంగుళాల్లోపు, మొత్తం ఐదు తీగలు, కింద దగ్గరగా పైన ఎడంగా. గడ్డి తగిలితే షాక్ కారిపోతుంది, తీగ కింద ఎప్పటికప్పుడు కోయాలి. టెస్టర్‌తో కంచె చివర చూస్తే 5000 వోల్టులకు తగ్గకూడదు.

గుట్టకింద_సేద్యం:
మాది ఎర్రనేల, పొడిగా ఉంటుంది. ఎర్త్ దొరుకుతుందా? కావలికి పోయేటప్పుడు ఏం చేయాలి?

సోలార్_ఫెన్స్_గుత్తి:
మన జిల్లాలో కంచె పనిచేయకపోవడానికి చాలాసార్లు కారణం ఎర్తే. ఆరడుగుల జీఐ రాడ్లు మూడు, పదేసి అడుగుల దూరంలో, తడి నిలిచే చోట దించు. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చి, ఎండాకాలంలో వారానికొకసారి నీళ్ళు పోయి. అప్పటికీ నేల ఎండిపోతే తీగల్లో ఒకదాన్ని వదిలి ఒకదాన్ని ఎర్త్‌కి కలుపు. రెండూ ఒకేసారి తగిలితే నేలతో పని లేకుండా షాక్ కొడుతుంది.

ట్రిగ్గర్_కడప:
కావలికి ఒంటరిగా పోవద్దు. ఇద్దరు మాట్లాడుకుంటూ, మంచి టార్చి, కట్టెకు గజ్జె. చెదపుట్ట తవ్వేటప్పుడు దానికి చుట్టూ వినపడదు, అందుకే దూరం నుంచే చప్పుడు చేయాలి. తొలికోడి వేళ బండల సందుల్లో, రేగి పొదల్లో మలవిసర్జనకు కూర్చోవడం మానండి, చెంబు పట్టుకుని పోయేవాళ్ళకే ఎక్కువ తగులుతుంది. చెట్టెక్కి లాభం లేదు, అదీ ఎక్కుతుంది. మీద పడితే బోర్లా పడుకొని చేతులు మెడ వెనక అల్లుకో. అది ముఖాన్నీ తలనీ పట్టుకుంటుంది.