నాన్నగారి మెయిల్ ఖాతా మాయం, తిరిగి వచ్చే దారి ఉందా?

కృష్ణాతీరం:
నాన్నగారు పోయాక ఆయన మెయిల్ ఖాతా జోలికి మేమెవరం వెళ్లలేదు. అమెరికాలో ఉన్న తమ్ముడికి ఆయన రాసిన ఉత్తరాలు, పొలం దస్తావేజుల స్కాన్లు అందులోనే ఉన్నాయి. మొన్న తెరవబోతే అలాంటి ఖాతాయే లేదంటోంది. సంస్థకు రాస్తే యంత్రం రాసిన జవాబొకటి వచ్చింది, అంతే. రాబట్టే దారి ఉందా? వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే ప్రయోజనం ఉంటుందా?

డిస్క్‌వైద్యుడు:
ఏళ్ల తరబడి డేటా సెంటర్లలో బ్యాకప్‌లు చూసినవాణ్ణి, నా మాట వినండి. మీది ఏ సంస్థో చెప్పలేదు గానీ, రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలు తీసేస్తామని గూగుల్ 2023 మేలోనే ప్రకటించింది, ఆ డిసెంబరు నుంచి మొదలుపెట్టింది. నియమాలు ఎవరూ చదవరు, పోయాక గగ్గోలు పెడతారు.

ఎర్రమట్టి:
పోయినాయన వచ్చి లాగిన్ అవ్వాలా వైద్యుడు గారూ? కాస్త చూసి మాట్లాడండి. నా గోడు వేరు. రీఛార్జి ఆగిన నా పాత నంబరును కంపెనీ ఇంకొకరికి ఇచ్చేసింది. బ్యాంకు ఓటీపీలు, మెయిల్ రికవరీ కోడ్‌లు ఇప్పుడు ఆ మహానుభావుడికి వెళ్తున్నాయి!

తాటాకు:
2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ సైటు మూసినప్పుడే నమ్మకం పోయింది. 2019 చివర్లో యాహూ గ్రూపుల పాత సందేశాలు తీసేశారు, మరుసటేడు గ్రూపులే ఎత్తేశారు. మనవాళ్లు ఆర్టీఎస్‌లో, అంటే తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టే పద్ధతిలో, రాసుకున్న పద్యచర్చలు ఎన్ని గంగలో కలిశాయో! మా గ్రూపును మాత్రం మొత్తం దించి దాచాను.

సీమపంతులు:
ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టిన పద్యం ఉంటే ఏమి, పోతే ఏమి?

తాటాకు:
ఆ మాట వెనక్కి తీసుకోండి. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు లిపిని చూపించే యూనికోడ్ ఇంటింటికీ రాకముందు విదేశాల్లో ఉన్నవాళ్లకు అదే ఆధారం. ఉత్త అక్షరాలు కాబట్టి ఈరోజుకీ ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటాయి, క్షణంలో తెలుగు లిపిలోకి మారతాయి. మీరు వాడే అనూ ఫాంటు ఫైళ్లను అది లేనిచోట తెరిచి చూడండి, మిగిలేది పిచ్చిగీతలే.

సీమపంతులు:
అనూ జోలికి రావద్దు. ఎన్ని పుస్తకాలు దానితో అచ్చయ్యాయో తెలుసా? యూనికోడ్‌లోకి మార్చే సాధనాలూ ఉన్నాయి.

డిస్క్‌వైద్యుడు:
ఉన్నాయి, ఒత్తులు చెల్లాచెదురవుతాయి. ఆ ఫైళ్లు బోలెడు మార్చాను కాబట్టి చెబుతున్నాను.

తాటాకు:
అన్నీ మీరే చేశారు లెండి.

కృష్ణాతీరం:
అయ్యా, నేను అడిగినది ఫాంట్ల గురించి కాదు.

పెన్నేటివాడు:
ఉచితంగా వాడుకున్నదానికి కేసులేమిటి? 2015కు ముందు ఎక్కించిన పాటలన్నీ సర్వర్లు మారుస్తుంటే పోయాయని మైస్పేస్ సైటు 2019లో చెప్పింది. ఎవరేం చేయగలిగారు?

వేపచెట్టు:
కృష్ణాతీరం గారూ, మీ తమ్ముడి మెయిల్‌లో వెతికించారా? నాన్నగారు పంపినవి అందుకున్న పెట్టెలో ఉంటాయి కదండీ, ఆ ఖాతా పోయినా ఇవి పోవు. దస్తావేజులు రిజిస్టరు అయినవైతే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. దస్తావేజు నంబరు తెలియకపోతే ముందు ఈసీ, అంటే ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం, తీయించండి.

కృష్ణాతీరం:
తమ్ముడికి ఇప్పుడే ఫోను చేశాను. వాడికి పంపిన ఉత్తరాలు ఉన్నాయట. నాన్నగారు తన కోసమే రాసి పెట్టుకున్నవి మాత్రం లేవు.

ఎర్రమట్టి:
నా నంబరు సంగతి?

వేపచెట్టు:
ముందు బ్యాంకు శాఖకు స్వయంగా వెళ్లి నంబరు మార్పించుకోండి. ఇక్కడ కూర్చోవద్దు.

సీమపంతులు:
తాటాకు గారూ, మీరు దాచినవాటిలో అవధానాల మీద చర్చ ఏమైనా ఉందా?