పురీషనాళం జారినందుకు మెష్ ఆపరేషన్ చేయించవచ్చా?

ప్రశ్న:
మా అమ్మగారికి 61 ఏళ్లు. రోజూ ముప్పావుగంట మరుగుదొడ్డిలో కూర్చుని ముక్కుతారు. ఆ బాధ మాకు వినిపించకూడదని కుళాయి తిప్పి ఉంచుతారు. ఎర్రగా ఏదో బయటకు జారుతోందని, చేత్తో లోపలికి నెట్టుకుంటున్నానని ఈమధ్యనే ఏడుస్తూ చెప్పారు. మొలలనుకుని రెండేళ్లు పైపూత మందులే వాడాము. ఇప్పుడు పురీషనాళం జారిందని, పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి లోపల మెష్ (వల లాంటి పట్టీ) కుట్టాలని డాక్టరుగారు అంటున్నారు. ఆపరేషన్ తర్వాత మలబద్ధకం ఇంకా పెరుగుతుందని బంధువులొకరు భయపెట్టారు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (సర్జన్):
ఆ భయం పాత పద్ధతి విషయంలో నిజమేనండి. పురీషనాళాన్ని వెనుకా పక్కలా విడదీసి త్రికాస్థికి (నడుము కింద, వెన్ను చివర ఉండే ఎముకకు) బిగించేటప్పుడు దానికి చేరే నరాలు దెబ్బతిని, జారడం ఆగినా విరేచనం కష్టమయ్యేది. బెల్జియం సర్జన్ ఆంద్రే డి హోర్ బృందం 2004లో ప్రచురించిన 'వెంట్రల్ మెష్ రెక్టోపెక్సీ'లో ముందువైపు, అంటే పురీషనాళానికీ యోనికీ మధ్య మాత్రమే దారి చేసుకుని, మెష్ పట్టీ ఒక కొనను పురీషనాళపు ముందుగోడకు కుట్టి, రెండో కొనను త్రికాస్థి పైఅంచుకు బిగిస్తారు. వెనుకవైపు జోలికి పోనందువల్ల నరాలు చాలావరకు క్షేమంగా ఉంటాయి. అమ్మగారికి చేయబోయేది ఇదేనా అని స్పష్టంగా అడగండి. అరుదుగానైనా మెష్ పక్కనున్న పురీషనాళం లేదా యోని గోడలోకి ఒరుసుకుపోవచ్చు, జారడం తిరగబెట్టవచ్చు. ఆ మాట కూడా ముందే మాట్లాడుకోవాలి. పురీషనాళం బయటికి రాకుండా లోపలే మడతపడేవారికైతే ఆపరేషన్ కన్నా ముందు పీచు ఆహారం, బయోఫీడ్‌బ్యాక్ (కండరాల పనితీరును పరికరంలో చూస్తూ వాటిని వదులు చేయడం నేర్చుకునే శిక్షణ) ప్రయత్నించాలన్నది నా గట్టి అభిప్రాయం.

జవాబు (చేయించుకున్నావిడ):
అమ్మాయీ, నాకు మూడేళ్ల క్రితం ఇదే చేశారు. మూడో రోజు ఇంటికి వచ్చాను, నిండు బకెట్ మాత్రం ఆరువారాలు ఎత్తనివ్వలేదు. జారడం పోయినా ముక్కే అలవాటు పోలేదు. వదులు కావలసిన కండరాన్ని నేనే బిగబడుతున్నానని ఫిజియోథెరపిస్టు చూపించాకే నాకు అర్థమైంది. కమోడ్ ముందు చిన్న పీట వేసుకుని దానిపై కాళ్లు పెట్టుకుంటే నాకు సులువైంది.

ప్రశ్నించినవారు:
అమ్మకు గర్భసంచి తీసేశారు. అది అడ్డవుతుందా?

జవాబు (సర్జన్):
అడ్డు కాదండి. అయితే మెష్ పెట్టే చోటనే ఆ పాత ఆపరేషన్ వల్ల లోపలి పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండి, విడదీయడం కష్టం కావచ్చు కనుక ఆ ఆపరేషన్ కాగితాలు తప్పక తీసుకెళ్లండి.