చర్చ: పర్యావరణ న్యాయ ఉద్యమంలో (కాలుష్య భారమంతా పేద, శ్వేతేతర పేటల మీదే పడకూడదనే పోరాటం) నల్లజాతి, లాటినో, ఆసియన్ పిల్లలకు చోటు ఉందా? మీ ఊళ్లో చూసింది చెప్పండి

సుజాత_ఎడిసన్
న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి పదకొండో తరగతి, స్కూల్లో పర్యావరణ క్లబ్‌లో ఉంది. నెవార్క్‌లోని ఐరన్‌బౌండ్ పేటలో చెత్త తగలబెట్టే ప్లాంటు గురించి వాళ్లు ఒక సభ పెట్టారు. మాట్లాడినవాళ్లలో ఆ పేట పిల్లలు ఒక్కరూ లేరు. మా అమ్మాయి అడిగితే "పిలిచాం, రాలేదు" అన్నారట. సభ జరిగింది మా టౌన్‌లో, స్కూలు ఉన్న రోజు సాయంత్రం నాలుగింటికి. అంత దూరం నుంచి కారు లేని పిల్లలు ఎలా వస్తారు? ఇంటికొచ్చాక అది చాలా బాధపడింది. ఇలాంటి పిల్లల్ని నిజంగా కలుపుకుని పనిచేసిన చోట్లు మీకు తెలుసా? ఏం చేస్తే వచ్చారు, దేనివల్ల మానేశారు, ఆ వివరాలు కావాలి.

బాల్టిమోర్_మాస్టారు
సుజాత గారూ, "పిలిచాం, రాలేదు" అనే మాట ఇక్కడ నేనూ చాలాసార్లు విన్నాను.

బాల్టిమోర్ దక్షిణాన కర్టిస్ బే అని ఒక పేట. రోజుకు 4,000 టన్నుల చెత్త కాల్చే ప్లాంటు అక్కడ పెట్టాలనుకున్నారు, హైస్కూలుకు మైలు దూరం కూడా లేదు. దాన్ని ఆపింది ఆ స్కూలు పిల్లలే. డెస్టినీ వాట్‌ఫర్డ్ అనే నల్లజాతి అమ్మాయి, ఆమె తోటివాళ్లు కలిసి 'ఫ్రీ యువర్ వాయిస్' అని బృందం కట్టి ఇల్లిల్లూ తిరిగారు. ఆ ప్లాంటు నుంచి కరెంటు కొనడానికి తమ స్కూళ్ల బోర్డే ఒప్పందం చేసుకుందని తెలిసి నేరుగా బోర్డు ముందుకెళ్లారు. 2015లో బోర్డు తప్పుకుంది. 2016లో పర్మిట్ చెల్లదని రాష్ట్రం చెప్పింది. అదే ఏడాది డెస్టినీకి, పర్యావరణం కోసం పోరాడేవాళ్లకు ఇచ్చే గోల్డ్‌మన్ బహుమతి వచ్చింది. వాళ్లను ఎవరూ ఎక్కడికీ పిలవలేదు, పని వాళ్ల స్కూల్లోనే మొదలైంది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే.

నేను వేరే స్కూల్లో సైన్స్ చెబుతాను. మా క్లబ్‌లో పిల్లలు నిలబడింది రెండు మార్పుల తర్వాత. మీటింగ్ రోజున కడుపునిండా తిండి పెట్టాం. వేసవిలో గాలి కొలిచే పనికి గంటల లెక్కన జీతం ఇప్పించాం. స్టోర్‌లో పనిచేసి ఇంటి అద్దెకు తనవంతు ఇచ్చే పిల్ల ఆ పని మానుకుని ఊరికే ఎందుకు రావాలి? పెద్ద సంస్థలు జీతం లేని ఇంటర్న్‌షిప్‌లు పెట్టి, ఆ తర్వాత "మాకు శ్వేతేతర అభ్యర్థులు దొరకడం లేదు" అంటాయి. 2014లో డోర్సెటా టేలర్ అనే ప్రొఫెసర్ లెక్క తీస్తే, దేశ జనాభాలో 36 శాతం ఉన్న ఈ వర్గాలు పర్యావరణ సంస్థల సిబ్బందిలో 16 శాతం దాటలేదు.

ప్లానో_నాన్న
మంచి చర్చ. నాకో భయం ఉంది, సూటిగా అడుగుతున్నా. మాది హెచ్1బి, గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్లుగా ఉన్నాం. బాబుది మా వీసా మీద ఆధారపడ్డ హెచ్4. ర్యాలీలో ఏమైనా అయితే? రాత్రి నిద్ర పట్టదు.

హ్యూస్టన్_పీహెచ్‌డీ
అన్నా, ఆ టెన్షన్ నిజమే, మీ బాబుకి కూడా అది విడమరిచి చెప్పాలి. నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీలో 1982లో పీసీబీ అనే విష రసాయనం కలిసిన మట్టి లారీలకు అడ్డంపడి 500 మందికి పైగా అరెస్టయ్యారు. ఈ ఉద్యమానికి దేశమంతటా పేరొచ్చింది అక్కడే. అయితే అరెస్టుకు సిద్ధపడే పని వేరు, పబ్లిక్ హియరింగ్‌లో లేచి మూడు నిమిషాలు మాట్లాడటం వేరు. నిర్వాహకులు ఏది ఏదో ముందే చెప్పాలి, వీసా మీద ఉన్నవాళ్లు ఎవరూ నామోషీ పడకుండా రెండో పని ఎంచుకునేలా ఉండాలి. అనుమానం ఉంటే లాయర్‌ని అడగండి.

కనబడని పని కూడా చాలా ఉంటుంది. మా హ్యూస్టన్‌లోనే ఉదాహరణ ఉంది. 1979లో నల్లజాతివాళ్లు ఉండే ఒక కాలనీ పక్కన చెత్త డంపు పెడుతుంటే రాబర్ట్ బుల్లర్డ్ అనే ప్రొఫెసర్, కేసు వేసిన తన లాయర్ భార్య కోసం తన విద్యార్థులతో కలిసి వివరాలు సేకరించారు. నగరం సొంత డంపులు ఐదూ నల్లజాతి పేటల్లోనే ఉన్నాయని తేలింది. ఇన్సినరేటర్లు, అంటే చెత్త తగలబెట్టే ప్లాంట్లు, ఎనిమిదింటిలో ఆరూ అంతే. కేసు ఓడిపోయారు. అయినా ఆ లెక్క ఇప్పటికీ పాఠంగా చెబుతున్నారు. క్లాసులో కూర్చున్న పిల్లలు రికార్డులు వెతికి, ఊరంతా తిరిగి చేసిన పని అది.

శాన్‌రామోన్_కవిత
మాది కాలిఫోర్నియాలో శాన్ రామోన్. మా ఊరి నుంచి కారులో కొంచెం దూరం వెళ్తే రిచ్‌మండ్, అక్కడ షెవ్రాన్ ఆయిల్ కంపెనీ రిఫైనరీ. 2012 ఆగస్టులో మంటలొచ్చినప్పుడు దాదాపు 15,000 మంది వైద్యం కోసం వెళ్లారు. ఆ కంపెనీ హెడ్డాఫీసు అప్పట్లో మా శాన్ రామోన్‌లో. పొగ అక్కడ, ఆఫీసు ఇక్కడ.

రిచ్‌మండ్‌లో లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలున్నాయి. ఆసియన్ పసిఫిక్ ఎన్విరాన్‌మెంటల్ నెట్‌వర్క్ అనే సంస్థ తొంభైల్లో ఆ ఇళ్లలోని హైస్కూలు అమ్మాయిలతో పని మొదలుపెట్టింది. 1999లో రిఫైనరీలో పేలుడు జరిగినప్పుడు ఫోన్ హెచ్చరికలు ఇంగ్లిష్‌లోనే వచ్చాయి. పెద్దవాళ్లకు అర్థం కాలేదు. ఆ తర్వాత పిల్లలూ పెద్దలూ కలిసి పోరాడి, హెచ్చరికలు తమ భాషల్లో వచ్చేలా సాధించుకున్నారు. మా అత్తగారికి ఇంగ్లిష్ రాదు, అందుకే ఇది నాకు బాగా తగిలింది.

అనన్య19
నాకు సుజాత ఆంటీ వాళ్ల అమ్మాయికంటే కొంచెం ఎక్కువ వయసు. మాలాంటి శ్వేతేతర పిల్లల్ని ముందు వరసలో నిలబెట్టి ఫోటో తీసి, డిమాండ్లు రాసేటప్పుడు పక్కన పెడతారు. ఒక్కోసారి ఫోటోలోనూ ఉండనివ్వరు. 2020 జనవరిలో దావోస్ ఆర్థిక సదస్సు దగ్గర ఉగాండా పర్యావరణ కార్యకర్త వనెస్సా నకాటేను ఒక వార్తా సంస్థ ఫోటో నుంచి కత్తిరించేసింది. ఫోటోలో మిగిలిన నలుగురూ తెల్లవాళ్లు.

లాస్ ఏంజిలిస్‌లో నలేలీ కోబో అనే అమ్మాయి ఇంటికి 30 అడుగుల దూరంలో ఆయిల్ బావి ఉండేది. ముక్కులోంచి రక్తం, తలనొప్పులు. తొమ్మిదేళ్ల వయసులో మాట్లాడటం మొదలుపెట్టింది. 2015లో అక్కడి యువబృందాలే ఇలాంటి బావుల విషయంలో నగరం మీద కేసు వేశాయి. అంటే పిల్లలు ఇక్కడ కక్షిదారులు. కేసులో ఏం అడగాలో వాళ్ల మాట కూడా చెల్లుతుంది. నాకు కావాల్సింది అలాంటి చోటు. 1991లో వాషింగ్టన్‌లో శ్వేతేతర నాయకుల మొదటి సదస్సు రాసుకున్న 17 సూత్రాల్లో, ప్రతి స్థాయి నిర్ణయంలోనూ సమాన భాగస్వామ్యం కావాలని స్పష్టంగా ఉంది.

రమణ_జెర్సీ
ఒక మాట, ఎవరూ నొచ్చుకోవద్దు. ఎడిసన్‌లో మన పిల్లలు శ్వేతేతరులే, కానీ ఐరన్‌బౌండ్ పిల్లలు పీల్చే గాలి వీళ్లు పీల్చడం లేదు. మన పిల్ల మైకు పట్టుకుంటే ఆ పేటకు చోటు దక్కినట్టు కాదు. మనవాళ్లు అక్కడికి వెళ్లాలి, వాళ్లు చెప్పిన పని చెయ్యాలి.

చేయదగ్గ పని ఉంది. 2020 సెప్టెంబరులో మన రాష్ట్రం పర్యావరణ న్యాయ చట్టం తెచ్చింది. ఇప్పటికే కాలుష్య భారం మోస్తున్న పేటలో కొత్త ప్లాంటు అనుమతి అడిగేవాళ్లు ప్రభావ నివేదిక ఇవ్వాలి, ఆ ప్రాంతంలోనే పబ్లిక్ హియరింగ్ జరగాలి. ఆ నివేదికలు లావుగా ఉంటాయి. వాటిని చదివి ముఖ్యమైన పాయింట్లు తేలిక భాషలో రాసివ్వడం మన హైస్కూలు పిల్లలు బాగా చెయ్యగలరు. హియరింగ్‌లో మాట్లాడేది మాత్రం అక్కడి పిల్లలు.

సుజాత_ఎడిసన్
రమణ గారూ, మీరన్నది మా అమ్మాయికి చదివి వినిపించాను, ఒప్పుకుంది. తర్వాతి మీటింగ్ ఐరన్‌బౌండ్‌లోనే పెట్టమని, ఎజెండా అక్కడి పిల్లల్నే రాయమని అడుగుతానంది. క్లబ్ డబ్బులో కొంత వాళ్ల స్టైపెండ్‌కి ఇవ్వాలని కూడా అడుగుతుందట. అక్కడ పోర్చుగీసు, స్పానిష్ మాట్లాడే ఇళ్లు ఎక్కువ. అనువాదం చెయ్యగలిగినవాళ్లు మీ ఆఫీసుల్లో ఎవరైనా ఉన్నారా? డబ్బులిచ్చే చేయించుకుంటాం.

పిస్కాటవే_శ్రీను
మా టీమ్‌లో బ్రెజిల్ ఆవిడ ఉంది, సోమవారం అడుగుతాను. శనివారమైతే నా వ్యాన్‌లో ఆరుగురు పిల్లల్ని తీసుకెళ్లగలను అక్కా. టైమ్ చెప్పండి.