వాడని రంగులు, పూసలు పంచుకునే చోట టోకెన్లు పెట్టాలా, వద్దా?

పూసలడబ్బా:
మా కాలనీ హాల్లో మొన్న ఆదివారం మూడోసారి ఇచ్చిపుచ్చుకోలు పెట్టాం. ఇంట్లో మూలన పడున్న రంగులు, కుంచెలు, పూసలు, దారాలు తెచ్చి బల్ల మీద పెట్టడం, కావలసినవి తీసుకెళ్లడం. డబ్బు మాట లేదు. మొదటి రెండుసార్లు బాగానే జరిగింది. ఈసారి ఒకావిడ చిన్న కవర్‌తో వచ్చి రెండు సంచులు నింపుకుని వెళ్లారు. ఇంకెవరో మూత కూడా తిరగని ఫాబ్రిక్ పెయింట్ సీసాలు పన్నెండు వదిలేసి పోయారు. అందుకే వచ్చేసారి నుంచి టోకెన్లు అనుకుంటున్నా. ఎన్ని వస్తువులు తెస్తే అన్నే తీసుకోవాలి. మీరేమంటారు?

డ్రాయింగ్‌మాష్టారు:
వద్దమ్మా. 32 ఏళ్లు బడిలో డ్రాయింగ్ చెప్పాను. రంగులపెట్టె కొనుక్కోలేని పిల్లలు ప్రతి క్లాసులో ఉండేవారు, పక్కవాడి పెట్టెలోంచి వాడుకోమనేవాణ్ణి. టోకెన్ అడిగితే అలాంటి పిల్లాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. ఇక ఎండిన రంగులంటారా, నాలుగు చుక్కలు నీళ్లు పోసి రాత్రంతా ఉంచండి, పొద్దున్నకి లేచి కూర్చుంటాయి.

నీటిరంగు:
మాష్టారూ, టోకెన్ల సంగతి తర్వాత. అవి లేచి కూర్చోవు. ఫాబ్రిక్ పెయింట్ అంటే అక్రిలిక్. ఒకసారి ఎండితే ప్లాస్టిక్ పొరే, నీళ్లలో మళ్లీ కరగదు. వాటర్ కలర్‌లో తుమ్మబంక ఉంటుంది కాబట్టి ఏళ్ల తరబడి ఎండిన బిళ్ల కూడా తడి కుంచె తగిలితే కరుగుతుంది. రెండూ ఒకటి కాదు.

డ్రాయింగ్‌మాష్టారు:
నేను చేసి చూశాను బాబూ. గట్టిపడిన సీసా నీళ్లు పోస్తే పలచబడింది.

నీటిరంగు:
చిక్కబడటం వేరు, ఎండిపోవడం వేరు.

డ్రాయింగ్‌మాష్టారు:
శ్రీకాళహస్తిలో కలంకారీ నలుపు ఎలా చేస్తారు? తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి. పాతది కనబడితే చాలు పారేయడం ఇప్పటివాళ్లకి అలవాటైంది.

నీటిరంగు:
ఆ నలుపు ద్రావణాన్ని కసీం అంటారు మాష్టారూ. కసీం ఊసు ఇక్కడ ఎవరెత్తారు?

చుక్కలముగ్గు:
రెజిన్ తెచ్చేవాళ్లని మాత్రం గేటు దగ్గరే ఆపండి. రెజిన్ గట్టిపడటానికి అందులో కలిపే హార్డెనర్ పసుపురంగుకి తిరిగిపోయినది నాకు అంటగట్టారు. గ్లవ్స్ లేకుండా ముట్టుకున్నా, వారం రోజులు దద్దుర్లు.

కాగితంపువ్వు:
టోకెన్లు ఉండాల్సిందే. నా అనుభవం చెప్తా. కాగితపు పట్టీలు చుట్టి బొమ్మలు చేసే క్విల్లింగ్ మోజులో కొనుక్కున్న పట్టీలు, సూదులు, బోర్డు అన్నీ ‘ఎలాగూ వాడట్లేదుగా’ అని మా అత్తగారు నా తోడికోడలికి ఇచ్చేశారు. ఇప్పుడు ఆవిడ వాటితోనే బుట్టలు చేసి పెట్టుకుని రోజూ స్టేటస్‌లో ఫొటోలు. నా ముదురాకుపచ్చ పట్టీలు నేను గుర్తుపట్టలేనా?

చుక్కలముగ్గు:
మీ తోడికోడలు టోకెన్ ఇచ్చి ఉంటే సరిపోయేదా అక్కా?

లెక్కలరావు:
చిన్న సందేహం. కుంచె తెస్తే ఒక టోకెన్, మగ్గం చట్రం తెచ్చినా ఒకటేనా? పావుకిలో పూసలంటే ఒక వస్తువా, వేల వస్తువులా?

పూసలడబ్బా:
లెక్క ఎలాగో కుదురుతుంది లెండి రావుగారూ. నా బాధ వేరే. ఆ రెండు సంచులావిడ బ్లౌజులకి మగ్గం వర్క్ చేసి అమ్ముతారని తర్వాత తెలిసింది. మనం ప్రేమగా ఇచ్చినవి తీసుకెళ్లి వ్యాపారం చేసుకుంటే ఎలా? కావాలంటే బేగంబజార్‌లో కొనుక్కోవచ్చుగా.

ఆరీసూది:
ఆ రెండు సంచులు నావే. ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నా.
నేను తెచ్చిన కవర్లో మగ్గం వర్క్‌కి వాడే ఆరీ సూదులు ఎనిమిది ఉన్నాయి, ఎవరూ చూసినట్టు లేరు. అంతకన్నా ఏం తేను? పని చేసుకునేవాళ్ల ఇంట్లో ఏదీ మిగలదండీ. జర్దోసీ తీగ తూకం లెక్కన కొంటాం, తెగిన ముక్క కూడా పువ్వు మధ్యలో కుట్టేస్తాం. మిగిలేది మోజుపడి కొనేవాళ్ల దగ్గరే. టోకెన్లు పెడితే అల్మరా నిండా సామాను ఉన్నవాళ్లే మళ్లీ నింపుకుంటారు.
ఇక వ్యాపారం మాట. ఆ సంచుల్లో ఏముందో తెలుసా? నల్లబడిన జరీ, చిక్కుపడిన సిల్కు దారం, నాలుగు సైజులు కలిసిపోయిన పూసలు. నాలుగు రాత్రులు పళ్లెంలో పోసుకుని ఏరాను. మీ హాల్లో పిల్లలకి ‘క్రియేటివిటీ’ కోసం ఇస్తే మంచిపని, నేను కుట్టి పిల్లల ఫీజు కట్టుకుంటే దోపిడీనా?

కాగితంపువ్వు:
అబ్బో, టాపిక్ ఎక్కడికో పోతోంది.

లెక్కలరావు:
ఎక్కడికీ పోలేదు. ఇప్పుడే వచ్చింది.

పూసలడబ్బా:
దోపిడీ అని నేననలేదు. మీరు కుట్టుకోవడం నాకు తప్పు కాదు. అడగలేదు, అదీ నా బాధ. ఆ కుందన్ల డబ్బా మా అమ్మది. ఆవిడ పోయాక రెండేళ్లు మూత తియ్యలేదు. మొన్న ధైర్యం చేసి బల్ల మీద పెట్టాను. ఎవరైనా ‘ఇవి ఎవరివండీ’ అంటారేమో, రెండు మాటలు చెబుదామని ఎదురుచూశా. అటు తిరిగి టీ తెచ్చేలోపు డబ్బా లేదు.

ఆరీసూది:
ఆ మాట బల్ల దగ్గర ఎవరూ చెప్పలేదు. ‘కావలసినవి తీసుకోండి’ అని చీటీ ఉంది, తీసుకున్నా.

పూసలడబ్బా:
చీటీ రాసింది నేనే. నిజమే.

చుక్కలముగ్గు:
అయితే టోకెన్లు ఉన్నట్టా, లేనట్టా?

ఆరీసూది:
కుందన్లు ఇంకా వాడలేదు. వెనక తళుకు ఊడినవి ఒక పక్క, బాగున్నవి రంగుల వారీగా ఒక పక్క పెట్టాను. ఏ బ్లాకో చెబితే డబ్బా తెచ్చిస్తా.

పూసలడబ్బా:
డబ్బా వద్దు. పచ్చవి ఒక గుప్పెడు ఇవ్వండి చాలు. మిగతావి కుట్టుకోండి. మెసేజ్ పెడతాను.

డ్రాయింగ్‌మాష్టారు:
ఆ ఎండిన పన్నెండు సీసాలు ఎవరూ తీసుకెళ్లకపోతే నాకు ఉంచండమ్మా. నీళ్లు పోసి చూస్తాను.

నీటిరంగు:
మాష్టారూ...