ఏరియేటర్ చక్రం షాఫ్ట్ దగ్గరే ఎందుకు చీలుతోంది?

కావలి_షెడ్డు: మాది 180 టన్నుల ఇంజెక్షన్ మిషన్, కరిగిన ప్లాస్టిక్‌ని అచ్చులోకి కొట్టేది. ఇదివరకు డ్రిప్పు సామాను కొట్టేవాళ్ళం, ఇప్పుడు రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లకి ప్యాడిల్ చక్రాలు పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్)లో మొదలుపెట్టాం. రైతులు వెనక్కి తెస్తా ఉన్నారు. అన్నీ షాఫ్ట్ బెజ్జం పక్కన ఒకే చోట చీలుతున్నాయి. మాల్ (ప్లాస్టిక్ రకం) మార్చాలా, ప్రెషర్ పెంచాలా?

చెరువుగట్టు: ఏదో ఒకటి త్వరగా తేల్చు సామీ. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటి ఉంటది. చక్రం ఆగేది ఎప్పుడూ ఆ టైములోనే!

ఒంగోలు_డైమేకర్: మాల్ సంగతి తర్వాత. గేటు, అంటే కరిగిన మాల్ డైలోకి (అచ్చులోకి) దిగే దారి, యాడుంది?

కావలి_షెడ్డు: బెజ్జానికి ఒక పక్కన, ఒకటే గేటన్నా. చీలేది సరిగ్గా దానికి ఎదురుగా.

ఒంగోలు_డైమేకర్: ఇంకేముంది, వెల్డ్ లైను. కరిగిన ప్లాస్టిక్ కోర్ పిన్నుకు (బెజ్జం కోసం డైలో నిలబెట్టే కడ్డీకి) తగిలి రెండు పాయలై అవతల కలుస్తుంది. అప్పటికే ముందు అంచులు చల్లారుంటాయి. పైకి అతికినట్టే ఉంటది, లోపల పట్టు ఉండదు. ముందు మెల్ట్ (కరిగిన మాల్) 230 డిగ్రీల దాకా తీసుకెళ్ళి, ఇంజెక్షన్ స్పీడు పెంచి చూడు. డై చల్లార్చడానికి మరీ చల్లటి నీళ్ళు వదలొద్దు. పాయలు కలిసే చోట గాలి పోవడానికి 0.02 మి.మీ. వెంటు కొట్టించు. ఎక్కువ లోతు కొడితే ఫ్లాష్ (అంచున పల్చటి ప్లాస్టిక్ పొర) వస్తుంది. అసలు మందు మాత్రం డయాఫ్రమ్ గేటు: మెల్ట్ బెజ్జం చుట్టూ ఒకేసారి దిగుద్ది, కలిసే గీతే ఉండదు. కాకపోతే ఆ గేటును తర్వాత మిషన్ మీద కోసెయ్యాలి, ఆ కూలి లెక్కేసుకో.

గూడూరు_ప్రాసెస్: గేటు మాట నిజమే గానీ రీగ్రైండ్ (పొడి చేసి మళ్ళీ వాడే ప్లాస్టిక్) ఎంత కలుపుతున్నారో కావలి ఆయన చెప్పలేదు, గమనించారా? చెరువు మీద ఎండ కూడా ఉంది. యూవీ స్టెబిలైజర్ లేని పీపీ ఎండకి పెళుసైపోతుంది. నలుపు మాస్టర్‌బ్యాచ్‌తో (రంగు గుళికలతో) కార్బన్ బ్లాక్ (మసి) 2 శాతం దాకా ఉండేట్టు చూసుకోండి. హోమోపాలిమర్ (మామూలు పీపీ) వాడుతుంటే ఇంపాక్ట్ కోపాలిమర్‌కి (దెబ్బకి తట్టుకునే పీపీకి) మారండి.

సింగరాయకొండ77: నైలాన్‌లో కొడితే పోదా?

గూడూరు_ప్రాసెస్: కొట్టొచ్చు, రేటు తట్టుకుంటే. నైలాన్ యవ్వారమే వేరు. హాపర్లో పోసే ముందు 80 డిగ్రీల దగ్గర నాలుగు గంటలన్నా ఆరబెట్టాలి, లేకపోతే పార్టు మీద వెండి చారలొస్తాయి. తీరా డైలోంచి వచ్చిన పార్టు ఎండుగా, పెళుసుగా ఉంటది, కాస్త నీళ్ళు పీల్చాకే దెబ్బకి తట్టుకుంటది. పీల్చినప్పుడు ఉబ్బుతుంది కాబట్టి షాఫ్ట్ బెజ్జం కొలత ముందే చూసుకోవాలి. మన ఉప్పు గాలి తేమకి బస్తా మూతి తెరిచి పెట్టారో, అంతే.

కావలి_షెడ్డు: రీగ్రైండ్ కలుపుతున్నాం, దాచేదేముంది. చక్రం కోసి చూశా. హబ్బు (షాఫ్ట్ చుట్టూ ఉండే మధ్య భాగం) లోపల బుడగల్లాంటి ఖాళీలున్నాయి.

ఒంగోలు_డైమేకర్: హబ్బు మందం ఎక్కువ. బయట ముందు గట్టిపడి, లోపల కుంచించుకుపోతుంది. పీపీ 1 నుంచి 2 శాతం దాకా కుంచిస్తుంది మరి. మందం రెట్టింపైతే చల్లారే టైము నాలుగింతలు. హబ్బు డొల్ల చేసి రిబ్బులు (సన్నటి ఊత పట్టీలు) పెట్టించు, రిబ్బు గోడలో సగం మందం చాలు. ఈలోపు హోల్డింగ్ టైము (డై నిండాక నొక్కి పట్టే టైము) కొంచెం కొంచెం పెంచుకుంటా ప్రతిసారీ చక్రాన్ని తూకం వెయ్యి. బరువు పెరగడం ఆగిందంటే గేటు గడ్డకట్టినట్టు, ఆపైన ఎంత నొక్కినా కరెంటు దండగ.

కావలి_షెడ్డు: మా కాటా గ్రాము తేడా చూపిస్తది, సరిపోద్దా?

ఒంగోలు_డైమేకర్: ఆ సైజు చక్రానికి సరిపోద్ది. రన్నర్ (గేటు దాకా మాల్ వచ్చే కాలవలో గట్టిపడిన ముక్క) విరిచేసి చక్రం ఒక్కటే వెయ్యి.